అయిదు మిల్లీమీటర్ల సందు

వానాకాలంలో అరకు వెళ్లాలంటే రైల్లోనే వెళ్లాలి. పొద్దుటి బండి విశాఖ వదిలి, కొత్తవలస దగ్గర హౌరా లైనుకి వీడ్కోలు చెప్పి కొండలవైపు తిరుగుతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన దారి ఇది. శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలవుతుంది. అరకు చేరేలోపు ఎన్నో సొరంగాలు. చీకట్లోకి వెళ్లిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలు కేకలు పెడతారు. వెలుగులోకి రాగానే కిటికీ నిండా పచ్చదనం, కొండవాలు మీంచి దూకే వాననీళ్లు.

ఘాట్ సగం ఎక్కాక ఓ చిన్న స్టేషన్లో మా బండిని పక్కకి చీలే లూప్ లైన్లో పెట్టారు. ఎదురొచ్చే ఖనిజం బండి మెయిన్ లైన్లో దడదడలాడుతూ దిగిపోయింది. ఇక మనదే అనుకున్నాం. సిగ్నల్ మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. అరగంట గడిచింది. మైకు లేదు, చెప్పే మనిషీ లేడు.

నా పక్కనున్న పెద్దావిడ విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో చూపించుకుని ఊరికి వెళుతోంది. మందుల సంచి ఒళ్లోనే ఉంది. "అరకులో జీపు తప్పిపోతే మళ్లీ రేపే బాబూ" అంది. తెలుసుకుని వస్తానని దిగి, ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను.

లూపూ మెయినూ కలిసే పాయింటు దగ్గర ఓ కుర్ర పాయింట్స్‌మన్ వానలో వంగి ఉన్నాడు. కదిలే పట్టా వచ్చి పక్క పట్టాకి అతుక్కోవాల్సిన చోట ఉసిరికాయంత కంకర రాయి ఇరుక్కుంది. దాన్ని గునపంతో పెకలించాడు. స్టేషన్ నుంచి మళ్లీ తిప్పి చూశారు. మోటారు మూలిగింది, పట్టా కదిలింది, కానీ పూర్తిగా బిగుసుకున్నట్టు రుజువు రాలేదు. ఆ రుజువు లేనిదే సిగ్నల్ పచ్చబడదు. పట్టాల మధ్య అయిదు మిల్లీమీటర్ల అడ్డు పెట్టినా సిగ్నల్ రాకూడదన్నది మన రైల్వేలో పరీక్ష. చిటికెన వేలు కూడా దూరని సందు అది. అంతకు మించి తెరుచుకుంటే చక్రం అంచు ఆ సందులో పడి బండి పట్టా తప్పే ప్రమాదం ఉంది.

2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్‌లో జరిగింది గుర్తొచ్చింది. సిగ్నల్ మెయిన్ లైనుకి ఇచ్చారు, పాయింటేమో లూప్‌కి ఉంది. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్‌లో ఆగి ఉన్న గూడ్సుని గుద్దింది. 290 మందికి పైగా పోయారు. ఆ రోజు అబద్ధం చెప్పింది పచ్చ దీపం. ఇక్కడ ఎర్ర దీపం నిజం చెబుతోంది. బండిలో విసుక్కుంటున్న మా అందరి ప్రాణాలూ ఆ నిజం మీదే ఆధారపడి ఉన్నాయి.

తిరిగొస్తుంటే పాయింట్స్‌మన్ కూడా నాతోపాటే వచ్చాడు. పెద్దావిడ కిటికీలోంచే పిలిచింది. "ఏటైంది బాబూ? ఎప్పుడెల్తాది?"

"రాయి ఇరుక్కుందమ్మా, తీసీసినాం. ఇప్పుడు పాయింటు సేత్తో తిప్పి, బిగించి, తాళమేస్తాం. అరగంట పడతాది."

ఆ నాలుగు మాటలు పెట్టెలో చివరిదాకా పాకాయి. పెద్దావిడ వెంటనే అల్లుడికి ఫోన్ చేయించి జీపుని ఆపమని చెప్పింది. ఇంకొకాయన బొర్రా దగ్గర ఎదురుచూస్తున్న వాళ్లని భోంచేసెయ్యమన్నాడు. ఏడుస్తున్న బిడ్డకి పాలు పట్టడానికి తల్లి స్థిమితంగా కూర్చుంది.

పాయింట్స్‌మన్ హ్యాండిల్ పెట్టి మోటారుని చేత్తో తిప్పాడు. పట్టాలను క్లాంపుతో బిగించి తాళం వేశాడు. స్టేషన్ మాస్టరు రాసిచ్చిన అనుమతి కాగితం డ్రైవరుకి అందింది. పచ్చ జెండా ఊపాక బండి మనిషి నడక వేగంతో ఆ పాయింటు దాటింది. అరకులో జీపు ఆగే ఉంది.

కొండ దారిలో రాళ్లు దొర్లుతాయి, యంత్రాలు మొరాయిస్తాయి. అప్పుడు బండి ఆగి తీరాలి, ఎంతసేపైనా సరే. కానీ ఎందుకు ఆగిందో, ఎంతసేపు పడుతుందో ప్రయాణికుడికి చెప్పడం కూడా రైలు నడపడంలో భాగమే. ఆ పని వానలో తడుస్తూ పాయింటు తిప్పే కుర్రాడి నెత్తినే పెట్టకూడదు. ప్రతి చిన్న స్టేషన్‌కీ ఒక మైకు, అందులో మాట్లాడే తీరికున్న ఒక మనిషి కావాలి.