ఎవరి మాట వినాలి

2 సెప్టెంబరు 2024, సోమవారం

టీవీ నిండా విజయవాడ బుడమేరు వరదే. మా నాలుగు రోడ్ల దగ్గర మాత్రం వై.ఎస్. వర్ధంతి మైకులు. 2009లో ఇదే రోజు పొద్దున, ముఖ్యమంత్రిగా ఉన్న ఆయన్ను ఎక్కించుకుని బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో, పావురాలగుట్ట మీద కూలింది. జాడ తెలిసింది మర్నాడే. ఆ రాత్రి మా మైదుకూరులో నిద్రపోయిన ఇల్లు ఉండి ఉండదు.

తర్వాత వచ్చిన విచారణ నివేదికలో ఒక్క సంగతి నన్ను వదలదు. ఆయిల్ ప్రెషర్‌లో ఏదో తేడా కనిపిస్తే, ఆ పేజీ ఎమర్జెన్సీ పుస్తకంలో ఎక్కడుందో వెతకడానికి పైలట్లు ఆరు నిమిషాలకు పైనే పెట్టారట. ముందేమో కుంభవృష్టి మబ్బు. అందులో కిందికి తోసే గాలి పట్టుకుంది, గుట్టకేసి కొట్టింది.

1972లో ఫ్లోరిడాలోనూ ఇంతే. చక్రాలు దిగాయని చెప్పే చిన్న బల్బు వెలగలేదని కాక్‌పిట్‌లో అందరూ దాని మీదే పడ్డారు. విమానం మెల్లగా ఎత్తు దిగిపోతోందని ఒక్కరూ చూసుకోలేదు. వందమందికి పైగా పోయారు. ఇట్లాంటివి కొన్ని జరిగాక, 1979లో నాసా సదస్సు పెట్టి దీన్ని చదువుగా మార్చింది: ఒకరు సమస్య చూస్తుంటే ఇంకొకరు నడపడం మీదే కన్నుంచాలి, చిన్నవాడికి అనుమానమొస్తే కెప్టెన్ ముఖమ్మీదే చెప్పాలి. ఖరీదైన యంత్రమేమీ కాదు. నా లెక్కలో మాత్రం జెట్ ఇంజను కన్నా పెద్దది.

6 సెప్టెంబరు, శుక్రవారం

మేనల్లుడు కువైట్ పోతున్నాడు. చవితి అయినాక చెన్నైలో ఎక్కాలి. చెల్లెలు ఊరగాయ సీసాకు టేపు చుట్టీ చుట్టీ సీసా కనపడకుండా చేసింది. చెనక్కాయల పొడి రెండు కవర్లలో. అట్టపెట్టె మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు మార్కర్‌తో వాడే రాసుకున్నాడు.

ఉన్నట్టుండి అడిగింది: "అన్నా, రోడ్డు మీదైతే హారన్ కొడతారు. ఆడ ఎదురుగా ఇంకోటొస్తే ఎట్లనా?"

చవితి పూట చెప్పే కథ కాదని ఊరుకున్నా.

8 సెప్టెంబరు, ఆదివారం

ఎదురుగా ఒకసారి వచ్చింది. 1996 నవంబరు 12 సాయంత్రం, ఢిల్లీకి పడమరగా చర్ఖీ దాద్రీ మీద. సౌదీ 747 ఎక్కుతోంది, కజకిస్తాన్ విమానం దిగుతోంది. సౌదీదాంట్లో గల్ఫ్ కూలీలు ఎందరో. 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి. ఆగకుండా 14,000కు దిగింది, అక్కడ సౌదీది ఉంది. అప్పటి ఢిల్లీలో వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి. రాడార్‌లో చుక్క కనిపించేది గానీ ఎంత ఎత్తులో ఉందో కనిపించేది కాదు.

ఆ తర్వాతే దారులు విడదీశారు, ఎత్తు చూపే రాడార్ వచ్చింది, మన దేశానికి వచ్చే విమానాల్లో టీకాస్ తప్పనిసరి చేశారు. విమానంలోని ఈ పెట్టె చుట్టుపక్కల విమానాలను అదే పనిగా పలకరిస్తుంది. అవతలి ట్రాన్స్‌పాండర్ ఎత్తు చెబుతుంది. ఢీకొనే ముప్పు అర నిమిషం లోపుకొస్తే రెండు పెట్టెలూ తమలో తాము తేల్చుకుంటాయి. ఒక కాక్‌పిట్‌లో "క్లైంబ్, క్లైంబ్", రెండోదాంట్లో "డిసెండ్, డిసెండ్".

10 సెప్టెంబరు, మంగళవారం

పెట్టె ఉంటే సరిపోయిందా అంటే, లేదు. 2002 జూలై 1 రాత్రి జర్మనీలో ఉబర్‌లింగెన్ మీద రెండు విమానాల్లోనూ టీకాస్ ఉంది. రష్యన్ విమానానికి పెట్టె ఎక్కమంది. కింద కంట్రోలర్ దిగమన్నాడు. వాళ్లు మనిషి మాట విన్నారు. అవతలి కార్గో విమానం పెట్టె మాట విని దిగింది. 71 మంది పోయారు, చాలామంది బడిపిల్లలు.

పెట్టె కనిపెట్టినవాళ్ల తెలివికేం తక్కువ లేదు. ఇద్దరు రెండు మాటలు చెప్పినప్పుడు ఎవరిది చెల్లాలన్నది మాత్రం అప్పటికి అందరికీ ఒకేలా తెలియదు. పెట్టె మాటే వినాలి, కంట్రోలర్ ఏమన్నా సరే, అన్నది ఆ ప్రమాదం తర్వాతే ప్రపంచమంతటా ఖరాకండిగా రాసుకున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒక్క వాక్యం! దానికి అంతమంది పిల్లలా?

12 సెప్టెంబరు, గురువారం

వాడు రాత్రే చెన్నై బస్సెక్కాడు. పొద్దున చెల్లెలికి పెట్టె సంగతంతా చెప్పినా, దాద్రీ ఊసెత్తకుండా. బాగానే విన్నది.

"అది ఏ భాషలో చెప్తాదినా?"

"ఇంగ్లీషే."

"మావోనికి ఇంగ్లీషు రాదు గదన్నా!"

"వాడు నడపడం లేదులేమ్మా."