రెండంగుళాల ఎత్తు... ఎర్రరాళ్ల దారి!

కనుచూపు మేరా ఎర్రరాయే. ఒకచోట గోడలా నిలబడి ఉంటుంది. ఒకచోట కమానులా వంగి ఉంటుంది. మరోచోట నేలమీద పరిచిన బండలా పడుకుని ఉంటుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, కొలరాడో నది ఒడ్డున ఉన్న మోయాబ్ అనే చిన్న ఊరి చుట్టూ ఎటు చూసినా ఇదే దృశ్యం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊళ్లో ఉండేది అయిదువేల పైచిలుకు మందే. కానీ రాళ్లదారుల్లో బండి నడిపే సరదా ఉన్నవాళ్లకు ఇది పెద్ద క్షేత్రం. ఈస్టర్ పండగ రోజుల్లో ఇక్కడ జరిగే జీపుల జాతర 1967లో మొదలైంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన మనవాళ్లు ఈ ఊరొస్తే సాధారణంగా పక్కనే ఉన్న ఆర్చెస్ నేషనల్ పార్కు చూస్తారు. రెండువేలకు పైగా ఉన్న అక్కడి రాతి కమానుల్లో నాలుగింటి ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. తారురోడ్డు ఆగిపోయిన చోట మొదలయ్యే మోయాబ్ వేరు. అది చూడాలంటే బండి నేలకు కాస్త ఎత్తుగా ఉండాలి. మేం వెళ్లిన ట్రక్కును ఫ్యాక్టరీ ఇచ్చిన ఎత్తు మీద మరో రెండంగుళాలు లేపారు. ఆ రెండంగుళాలు ఏమిస్తాయో, బదులుగా ఏం తీసుకుంటాయో ఈ దారి చక్కగా చూపిస్తుంది.

యురేనియం వేసిన బాటలు

సాయంత్రం పూట మోయాబ్ మెయిన్ స్ట్రీట్‌లో నిలబడితే కాలక్షేపానికి లోటుండదు. ఎర్రదుమ్ము కొట్టుకుపోయిన జీపులూ, పికప్ ట్రక్కులూ వరసగా వస్తుంటాయి. ట్రక్కంటే మన లారీ కాదు. ముందు నలుగురైదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సామాను తొట్టి ఉండే బండి. కొన్నిటి టైర్లు పిల్లాడి భుజం దాకా వస్తాయి. కొన్ని మాత్రం ఒక పట్టాన తేడా తెలియనంతగా, కాస్త మునివేళ్ల మీద నిలబడ్డట్టు ఉంటాయి. మాది ఈ రెండో రకం.

ఈ దారులేవీ సరదా కోసం వేసినవి కావు. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఈ ప్రాంతంలో గొప్ప యురేనియం నిక్షేపం దొరికింది. అవి అణ్వాయుధాల పోటీ రోజులు. ఇంకేముంది... అదృష్టం వెతుక్కుంటూ జనం ఎడారి మీద పడ్డారు. ఖనిజం కోసం కొండ అంచుల్లో, లోయల్లో బాటలు వేశారు. నూరుమైళ్ల వైట్ రిమ్ రోడ్డు అలా పుట్టిందే. 1964లో ఈ లోయలన్నీ కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కు అయ్యాయి. యురేనియం జోరు తగ్గింది. బాటలు మిగిలాయి.

ఎడ్లబండి సూత్రం

మేం ఎక్కింది మా పెద్దమ్మ కొడుకు కొనుక్కున్న టయోటా టకోమా. అన్నయ్య దానికి ముచ్చటపడి చేయించిన మార్పులన్నీ వరసగా చెబుతుంటే, పెద్దమ్మ మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయింది.

''ఒరేయ్, బండి ఎత్తు చేయించావు సరే. ఎక్కడానికి నిచ్చెన కూడా కొనాల్సింది కదరా!''

నిచ్చెన లేదు కానీ, కింద బిగించిన ఉక్కు గొట్టం మీద కాలుపెట్టి ఎక్కింది. రాళ్లు తగిలితే ముందు ఆ గొట్టం దెబ్బ తింటుంది, తలుపు కింది రేకు బాగుంటుంది.

ఇంతకీ ఎత్తు పెంచడమంటే ఏం చేస్తారు? ఈ ట్రక్కుకు ముందు వైపు కాయిల్ స్ప్రింగులుంటాయి. వెనక లీఫ్ స్ప్రింగులు... మన లారీవాళ్లు కమాన్ కట్టలంటారే, అవి. ముందువైపు స్ప్రింగులూ, షాక్ అబ్జార్బర్లూ తీసేసి కాస్త పొడవైనవి, గట్టివి బిగించారు. వెనక కట్టకు మరో పట్టీ చేర్చి, దానికి తగ్గ షాక్ అబ్జార్బర్లు వేశారు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ సరిచేయించారు. అంతే! పాత స్ప్రింగు పైనే ఓ దిమ్మలాంటి స్పేసర్ పెట్టి పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. అది చవక. ఎత్తు వస్తుంది కానీ, స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ పాతవే కాబట్టి రాళ్లమీద బండి నడక మెరుగుపడదు. ఖర్చు కూడా పనిని బట్టి కొన్ని వందల డాలర్ల నుంచి కొన్నివేల దాకా ఉంటుంది.

అయితే ఇక్కడో తిరకాసు ఉంది. స్ప్రింగులు మారిస్తే లేచేది బండి ఒళ్లు మాత్రమే. వెనక ఇరుసు, దాని నడుమ గుండులా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ చక్రాలనే అంటిపెట్టుకుని ఉంటాయి. అవి అంగుళం కూడా లేవవు. వాటిని లేపాలంటే టైరే పెద్దది కావాలి. అదీ సగమే. టైరు ఎత్తు రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక్క అంగుళం.

ఈ మాట వినగానే పెద్దమ్మ ''ఇందులో వింతేముంది? మా నాన్న ఎడ్లబండికి చక్రాలు నా భుజం దాకా వచ్చేవి. చిన్న చక్రాలేస్తే రేగడి బురదలో ఇరుసు కూరుకుపోదూ!'' అంది. ఇంజినీరింగ్ పుస్తకం ఇంతకంటే తేలిగ్గా చెప్పలేదు.

మరి స్ప్రింగులు మార్చి లాభమేమిటి? బంపరు కింది అంచు లేస్తుంది కాబట్టి నిటారుగా ఉన్న రాతిమెట్టును ముక్కు తగలకుండా ఎక్కొచ్చు. బండి కడుపు లేస్తుంది కాబట్టి మెట్టు దాటేటప్పుడు మధ్యలో చిక్కుకోదు. తోక దిగేటప్పుడూ అంతే.

షాఫర్ మలుపుల్లో...

మోయాబ్ నుంచి గంట లోపు ప్రయాణంలో 'ఐలాండ్ ఇన్ ది స్కై' అనే పీఠభూమి వస్తుంది. దాని అంచు నుంచి కిందకు చూస్తే గోడకు వేలాడదీసిన తాడులా కనిపించేదే షాఫర్ ట్రెయిల్. దాదాపు 1500 అడుగుల దిగుడు. ఒకప్పుడు ఆదివాసుల కాలిబాట. తర్వాత పశువుల మందలు నడిచాయి. ఆపైన యురేనియం లారీలు దిగాయి. ఇప్పటికీ మట్టిదారే. ఒకవైపు కొండ, రెండోవైపు గాలి!

ఎత్తు బండి తీసుకునే మూల్యం ఏమిటో ఇక్కడే అనుభవంలోకొస్తుంది. బండిని పైకి లేపితే బరువు కూడా పైకి వెళ్తుంది. చక్రాల మధ్య వెడల్పు మాత్రం అలాగే ఉంటుంది. బయటివైపు చక్రం గుంటలో దిగినప్పుడల్లా ట్రక్కు లోయవైపు ఒరుగుతుంది. రెండంగుళాలకు అది గుండె ఝల్లుమనేంత మాత్రమే. అదే ఆరంగుళాలు లేపిన బండయితే? పక్కవాటు దారుల్లో బోల్తా పడే ముప్పు ఎత్తుతోపాటే పెరుగుతుంది. అన్నయ్య లో-గేరులో, బ్రేకు మీద పెద్దగా కాలు వేయకుండా నడకవేగంతో దించాడు. ఎదురుగా ఎక్కి వస్తున్న బండి కనిపిస్తే వెడల్పున్న చోట ఆగి దారిచ్చాడు. పెద్దమ్మ మలుపు మలుపుకీ ఆంజనేయస్వామిని తలుచుకుంది.

కిందకు దిగాక వైట్ రిమ్ మీదుగా ముసెల్‌మన్ ఆర్చ్ దాకా వెళ్లాం. ఇది తలెత్తి చూసే కమాను కాదు. నేల మట్టంలోనే, లోయ మీద వేసిన రాతివంతెనలా ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కొచ్చి పొటాష్ రోడ్డు పట్టుకున్నాం. అసలు రాతిమెట్లు ఇక్కడున్నాయి. ప్రతి మెట్టు ముందూ అన్నయ్య దిగి చూశాడు. కిటుకు ఒకటే: పెద్దరాయిని రెండు చక్రాల మధ్య నుంచి పోనివ్వకూడదు. చక్రాన్నే దానిమీదకు ఎక్కించాలి. మధ్యలో వదిలితే లేవని ఆ డిఫరెన్షియల్‌కే తగులుతుంది మరి! అలా మెట్టు మీద మెట్టు దాటుతూ పోతే ఉన్నట్టుండి ఎడారిలో నీలిరంగు చెరువులు! అవి పొటాష్ గనివాళ్లవి. నీరు త్వరగా ఆవిరి కావడానికి అందులో నీలం రంగు కలుపుతారట.

నల్లమట్టిని తొక్కొద్దు

ఈ దారి పక్కన మట్టి కొన్నిచోట్ల నల్లగా, పొక్కులు పొక్కులుగా ఉంటుంది. మాడిపోయిన నేల అనుకుంటాం. కాదు, అది బతికున్న పొర. సైనోబ్యాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి అల్లినది. ఇసుకను గాలికి పోకుండా పట్టి ఉంచేది అదే. నేలకు నత్రజని అందించేదీ అదే. ఒక్కసారి టైరు కింద నలిగితే తిరిగి కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

రాతిమెట్టు ఎక్కలేని బండి ఏం చేస్తుంది? పక్కనున్న మట్టిలోకి తప్పుకుంటుంది. దాని జాడ చూసి మరొకటి. ఒక బాట రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఎత్తు పెంచడాన్ని ఏదైనా గట్టిగా సమర్థిస్తుందంటే ఇదే: బండి దారి మీదే ఉండగలగడం. ఎక్కడికైనా పోగలనన్న ధీమాతో దారి వదిలితే మాత్రం ఎత్తు బండే ఎక్కువ చేటు చేస్తుంది.

నిజానికి షాఫర్ దిగడానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రక్కు ఎత్తే చాలు. పొటాష్ రోడ్డు మెట్ల దగ్గర రెండంగుళాలు అక్కరకొచ్చాయి. అంతకుమించి లేపితే ముందు ఇరుసుల కీళ్లు వాటికి తగని కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు చాలవు. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. మైలేజీ తగ్గుతుంది. ఏడాదిలో నాలుగు రోజుల రాళ్లదారి కోసం మిగిలిన రోజులన్నీ ఆ బండే నడపాలి కదా!

మన దగ్గరైతే...

ఇది చదివి ఊళ్లో మెకానిక్ దగ్గరకు పరుగెత్తకండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేదీ అదే. అనుమతిలేని ఒక్కో మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా, ఆరునెలల వరకూ జైలు, లేదా రెండూ విధించవచ్చు. అమెరికాలోనూ ఎంత ఎత్తు పెంచవచ్చన్న నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి.

వెళ్లాలంటే...

సాల్ట్ లేక్ సిటీ నుంచి మోయాబ్‌కు రోడ్డు మీద సుమారు నాలుగు గంటల ప్రయాణం. మార్చి నుంచి మే దాకా, తర్వాత సెప్టెంబరు, అక్టోబరు అనుకూలం. వేసవిలో ఎండ మండిపోతుంది, ఆ చివర్లో కురిసే వానలకు వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి. వైట్ రిమ్ మీద పగటి ప్రయాణానికైనా పర్మిట్ తీసుకోవాలి. దారిలో తాగునీరు దొరకదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. బండి చెడితే బయటకు లాగించడానికే వెయ్యి డాలర్లు దాటడం మామూలు. విమానాశ్రయంలో అద్దెకు తీసుకునే మామూలు కార్లను ఇలాంటి దారుల్లోకి సాధారణంగా ఒప్పుకోరు. మోయాబ్‌లోనే ఎత్తు పెంచిన జీపులు అద్దెకు దొరుకుతాయి. రాళ్లలోకి దిగేముందు టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు బాగుంటుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవడం మాత్రం మరిచిపోవద్దు.