గోడ మీది నీటి గీత

కరవు సీమలో పుట్టినవారికి నీటిని కొలవడం బాగా తెలుసు. కాని ఆ కొలత ఎప్పుడూ కిందికే: బావి ఎన్ని మట్లు, బోరు ఎన్ని అడుగులు. నీటిని పైకి కొలవవలసిన రోజు కర్నూలుకు 2009 అక్టోబరు 2న వచ్చింది.

ఆ యేటి వానకారంతా మబ్బుకోసం ఎదురుచూసిన ఊరది. సెప్టెంబరు చివర కురిసిన కుండపోతకు తుంగభద్ర సుంకేసులను ముంచెత్తి నగరంలోకి వచ్చింది. తుంగభద్ర నిండుగా ఉన్నప్పుడు హంద్రీకి అందులో కలిసే దారి ఉండదు. వెనక్కి ఎగదన్ని వీధులకు మళ్లుతుంది. రెండు నదుల నడుమనున్న పాతబస్తీ జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకొన్నారు. దిగువన 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకొనేలా కట్టిన శ్రీశైలం ఆనకట్టకు సుమారు 25 లక్షలు వచ్చాయి. 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నీరు 896 అడుగుల దాకా పోయింది. జలాశయాన్ని ముందే కొంత ఖాళీ చేసి ఉండవలసిందన్న వాదన అప్పుడే మొదలైంది.

ఆ వాదనను నిపుణులకు వదిలి ఒక చిన్నమాట చెప్పదలచుకొన్నాను. క్యూసెక్కులు ఇంజనీర్ల భాష. ఇన్ని లక్షల క్యూసెక్కులు వస్తున్నాయని చాటింపు వేస్తే హంద్రీ ఒడ్డునున్న అవ్వకు ఏమి బోధపడుతుంది? మీ గడప మునుగుతుంది, కిటికీ మునగదు అని చెప్పగలగాలి. అందుకు ప్రతి వీధి నేలమట్టం కొలిచి, నది ఏ మట్టానికి వస్తే ఏ వీధి మునుగుతుందో పటం గీయాలి. ఆ పటం కార్యాలయపు బీరువాలో కాక వార్డులో గోడ మీద ఉండాలి.

కడప కథ వేరు. మా వైపు వాగును వంక అంటాము. వంక ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉంటుంది. ఎండిన వంక ఖాళీ స్థలంలా కనబడుతుంది, ఖాళీ స్థలంలో ఇల్లు లేస్తుంది. నగరం నడుమ పారే బుగ్గవంక తన చోటు తాను అడిగిన రోజున మనం దానిని విపత్తు అంటాము. 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ల మీద పడింది. నిద్రలో ఉన్నవారికి కావలసింది ఆ క్షణాన క్యూసెక్కుల లెక్క కాదు, ఒక గంట ముందుమాట.

కరకట్టలు, పూడికతీత, ఒడ్డున కట్టడాల నియంత్రణ అన్నీ అవసరమే. వాటికి నిధులు కావాలి, యేళ్లు పడతాయి. వరద ఎంతవరకు వచ్చిందో గోడ మీద గీత గీసి, పక్కన తేదీ వ్రాయడానికి ఒక రంగుడబ్బా చాలు. వరద తీయగానే మనం చేసే మొదటిపని ఆ మరకకు సున్నం వేయడం. బాధను మరచిపోవడానికి అది అవసరమే కావచ్చు. అయితే ఆ ఇంటిని రేపు కొనేవానికి, అద్దెకు దిగేవానికి ఆ ఎత్తు ఎవరు చెబుతారు?

నదులున్న ఊళ్ల మిత్రులారా, మీ వీధిలో అలాంటి గీత ఏదైనా మిగిలి ఉంటే, సున్నం పడకముందే కొలిచి వ్రాసి ఉంచండి.