వానలో మారిషస్ చుట్టూ...

దీవి అనగానే తెల్లటి ఇసుక, నీలం సముద్రం, వంగిన కొబ్బరిచెట్టు గుర్తొస్తాయి కదూ! సినిమా పాటల్లో మారిషస్‌ని మనం అలాగే చూశాం. కానీ జనవరి నుంచి మార్చి దాకా అక్కడ వానలు, తుపాన్ల కాలం. మావారికి సెలవు ఫిబ్రవరిలోనే దొరికింది మరి! మావారు, నేను, డెబ్బై దాటిన మా అత్తగారు కలిసి రెండు రోజులు కారులో దీవి చుట్టొచ్చాం. దీవి మొత్తం 65 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పే.

పోర్ట్ లూయీలో ఎండగానే ఉంది. గంట తిరక్కుండానే క్యూర్‌పీప్ చేరేసరికి జోరువాన, చలి. ఆగ్నేయం నుంచి వచ్చే గాలులు మధ్యనున్న ఎత్తు ప్రాంతాన్ని తాకి అక్కడే కురుస్తాయట. అందుకే పడమటి తీరం పొడిగా ఉంటే, ఈ ఊరు మాత్రం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇక్కడే ట్రూ ఓ సెర్ అనే చల్లారిన అగ్నిపర్వతం ఉంది. దాదాపు 300 మీటర్ల వెడల్పున్న ఆ గుంత నిండా ఇప్పుడు పచ్చని చెట్లే. "నిప్పులు కక్కిన చోటు ఇదేనా!" అని మా అత్తగారు బుగ్గన వేలేసుకున్నారు.

దీవి అంతా లావా గడ్డకట్టిన నల్లరాయే. చెరకు తోటల మధ్య ఆ రాళ్ళు గుట్టలుగా పోసి కనిపిస్తాయి. వాటిని ఏరి పోసింది కూలీల చేతులే. 1835లో బానిసత్వం రద్దయ్యాక తోటల్లో పనికి మన దేశం నుంచి లక్షలమందిని ఒప్పందం మీద తెచ్చారు. వాళ్ళు దిగిన ఆప్రవాసి ఘాట్ పోర్ట్ లూయీలో ఉంది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ మిగిలిన 16 రాతి మెట్లు చూస్తే గొంతు పట్టేసినట్లయింది.

మధ్యాహ్నానికి గంగా తలావ్ చేరాం. ఇది కూడా అగ్నిపర్వతం నోటిలో నిండిన సరస్సే. శివరాత్రికి లక్షలమంది కాలినడకన వస్తారు. 108 అడుగుల శివుడి విగ్రహం మబ్బులో సగమే కనబడింది. అక్కడినుంచి షమరెల్ దారి అన్నీ మలుపులే. ఏడు రంగుల మట్టి దిబ్బలు వానకి తడిసి మరీ ముదురు రంగు తేలాయి. లావారాయి అరిగి మట్టయితే అందులోని ఇనుము వల్ల ఆ ఎరుపు వస్తుందట.

దారిలో తిన్న ధాల్ పూరీ గురించి చెప్పాలి. అచ్చు తీపి లేని బొబ్బట్టే అనుకోండి! పప్పు పూర్ణం పెట్టి పల్చగా కాల్చి, చిక్కుడుగింజల కూర, టమాటా రుగాయ్, పచ్చడి వేసి చుట్టిస్తారు. వేడి వేడిగా రెండేసి తింటుంటే వాన కూడా ముద్దొచ్చింది.

రెండోరోజు దక్షిణాన సుయాక్ దగ్గర గ్రీ గ్రీ తీరం చూశాం. అక్కడ పగడపు దిబ్బలు అడ్డులేవు. అలలు నేరుగా వచ్చి నల్లరాళ్ళని కొడుతుంటే మాట వినపడలేదు. మా డ్రైవరు తెలుగువాళ్ళ అబ్బాయే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు కనుక వీళ్ళని ఒకప్పుడు 'కోరంగీలు' అనేవారట. అతనికి క్రియోలే ఇంటి భాష. వాన పెరగడంతో "మా ఇంట్లో కాసేపు కూర్చోండమ్మా" అని తీసుకెళ్ళాడు.

వాళ్ళమ్మ పాటల పుస్తకం తెచ్చింది. తెలుగు భజనలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. "మేం సింహాద్రి అప్పడి పూజ చేస్తాం. అర్థం అన్నిటికీ తెలీదు" అంది మెల్లగా. "మీరు కొండ చూశారా? దేవుడికి నిజంగా చందనం పూస్తారా?"

మా అత్తగారిది విజయనగరం. "ఎందుకు చూళ్ళేదమ్మా! ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. అక్షయ తృతీయనాడు ఒక్కరోజే నిజరూపం" అని చేతిసంచిలోంచి చందన ప్రసాదం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆవిడ కళ్ళకద్దుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాడింది. తెలీని మాట వచ్చిన చోటల్లా ఆగి అడిగేది, మా అత్తగారు చెప్పేవారు. వాన తగ్గినా మేం కదల్లేదు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు: గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటు పట్టుకెళ్ళండి. క్యూర్‌పీప్‌లో శాలువా కావాలి. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమవైపే నడపాలి. తుపాను హెచ్చరిక ఉంటే బయల్దేరకండి. వాన వద్దనుకుంటే మే నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. అన్నట్టు, పెట్టెలో మన ఊరి గుడి ప్రసాదం ఓ పొట్లం వేసుకోవడం మరిచిపోకండేం!