కింది గడిలోని ఉప్పు

ఆవర్తన పట్టికను పరీక్షల కోసం బట్టీ పట్టి, పరీక్షలు కాగానే మర్చిపోయేవాళ్లే ఎక్కువ. మా ఇంట్లో మాత్రం అది వంటింటి దాకా వచ్చింది. కారణం మా అత్తయ్యగారి బీపీ.

డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది! మావారు దుకాణంలో 'లో సోడియం' ఉప్పు చూసి తెచ్చారు. అత్తయ్య చిటికెడు నాలిక మీద వేసుకుని, ''ఉప్పగానే ఉందమ్మాయ్, కాస్త చేదు తగుల్తోందంతే. సోడియం తగ్గించి ఆ చోట ఏం కలిపారో?'' అని అడిగారు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంది జవాబు... పొటాషియం క్లోరైడ్.

పదో తరగతి చదివే మా అమ్మాయికి హుషారొచ్చింది. నానమ్మని తీసుకెళ్లి తన గదిలో గోడకున్న పట్టిక ముందు కూర్చోబెట్టింది.

1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ అప్పటికి తెలిసిన 63 మూలకాలను పరమాణు భారాల వరుసలో, ఒకే తీరు గుణాలున్నవి ఒక కుటుంబంగా వచ్చేలా పేర్చాడు. పొందిక కుదరని చోట ఖాళీ వదిలి, అక్కడ ఉండాల్సింది ఇంకా దొరకలేదన్నాడు. 1875లో గాలియం, 1886లో జెర్మేనియం బయటపడి ఆ ఖాళీల్లో చక్కగా కూర్చున్నాయి. ఇప్పుడు పట్టికలో 118 మూలకాలు, పరమాణు సంఖ్యల వరుసలో ఉన్నాయి.

అందులో సోడియం సంఖ్య 11. దాని ఎలక్ట్రాన్లు 2, 8, 1గా ఉంటాయి. చివరి కక్ష్యలో ఉన్నది ఒక్కటే. క్లోరిన్ సంఖ్య 17. ఎలక్ట్రాన్లు 2, 8, 7. ఎనిమిదికి ఒకటి తక్కువ. సోడియం ఆ ఒక్కటీ ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఇచ్చింది ధనావేశ అయాను, పుచ్చుకున్నది రుణావేశ అయాను అవుతాయి. ఆ రెండూ ఆకర్షించుకుని గట్టిగా పట్టుకుంటే అయానిక బంధం. నీళ్లు తగిలితే భగ్గుమనే లోహమూ, 1915లో యుద్ధరంగంలో సైనికుల ప్రాణాలు తీసిన విషవాయువూ కలిస్తే... మనం చారులో వేసుకునే ఉప్పు!

సోడియానికి సరిగ్గా కింది గడిలో పొటాషియం. సంఖ్య 19, ఎలక్ట్రాన్లు 2, 8, 8, 1. దానికీ చివర ఉన్నది ఒక్కటే కాబట్టి క్లోరిన్‌తో అదే పద్ధతిలో కలిసి ఉప్పవుతుంది.

''అయితే రెండూ ఒకటేగా!'' అన్నారు అత్తయ్య.

''దగ్గర చుట్టమే నానమ్మా, ఆ మనిషే కాదు'' అంది మా అమ్మాయి.

అసలు సంగతి అక్కడే ఉంది. మన ఒంట్లో సోడియం ఎక్కువగా కణాల బయటా, పొటాషియం లోపలా ఉంటాయి. గుండె సరిగ్గా కొట్టుకోవాలంటే రక్తంలో పొటాషియం హద్దుల్లో ఉండాలి. మిగులును బయటికి పంపే పని కిడ్నీలది. అవి బలహీనపడితే పొటాషియం పేరుకుని గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇలాంటి ఉప్పు వాడమని 2025 జనవరిలో పెద్దలకు సూచించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఆ మాట వర్తించదని కూడా చెప్పింది.

ప్యాకెట్ పక్కన పెట్టి డాక్టర్ని అడిగాం. ఆయన రక్తపరీక్ష రాశారు. క్రియాటినిన్ కాస్త ఎక్కువే ఉంది. ''ఈవిడకి ఆ ఉప్పు వద్దు. మామూలుదే తగ్గించి వాడండి'' అన్నారు.

ఎంత తగ్గించాలి? రోజుకి సోడియం 2 గ్రాముల లోపు, అంటే ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలట. ఈ లెక్క కూడా పట్టికలోదే. సోడియం పరమాణు భారం 23, క్లోరిన్‌ది 35.5. కలిపితే 58.5. అంటే ఉప్పులో సోడియం దాదాపు ఐదింట రెండు పాళ్లు. బిస్కెట్ల ప్యాకెట్ మీద రాసిన సోడియాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే అదెంత ఉప్పుకి సమానమో తెలిసిపోతుంది. ఇప్పుడా హెచ్చవేతలన్నీ అత్తయ్యే చేస్తున్నారు!

2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ఆవర్తన పట్టిక అధ్యాయం తీసేశారు. పదకొండులో ఉంది కదా అన్నారు. నిజమే. కానీ పదితోనే సైన్సుకి దణ్ణం పెట్టేసే పిల్లలూ రేపు ఓ ఇంటికి ఉప్పు కొనేవాళ్లే కదా!