మిలిటరీ మామ మందుల మూట

పొదిలి నుంచి మార్కాపురం వైపు వెళ్ళే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నవారికి యీ సీమ తన గుట్టంతా తానే విప్పి చెబుతుంది. ఎర్ర నేల, అక్కడక్కడ తుమ్మచెట్లు, కంది చేలు, పొగాకు తోటలు, దూరాన నల్లమల కొండల నీలిగీత. వాన కురిస్తే పంట, కురవకపోతే వలస. పొదిలికీ మార్కాపురానికీ నడుమ వున్న మండలం కొనకనమిట్ల. ఆ పేరు వింటే తెలుగు మేష్టరు చెవి వూరుకోదు. అందులో నాకు ‘కనుమ’ వినిపిస్తుంది, ‘మిట్ట’ వినిపిస్తుంది. కనుమలకూ మిట్టలకూ యీ చుట్టుపట్ల కొదవ లేదు. కొదవల్లా నీటికే.

ఒకప్పుడు పొదిలి నెల్లూరు జిల్లాలోది, మార్కాపురం కర్నూలు జిల్లాలోది. 1970లో మూడు జిల్లాల అంచులు కత్తిరించి, ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కుట్టారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అందుకే కాబోలు యిక్కడి మాటలో కాస్త నెల్లూరు సాగదీత, కాస్త కర్నూలు కరుకుదనం కలిసి వుంటాయి. మార్కాపురం అనగానే అందరికీ రెండు గుర్తుకు వస్తాయి: చెన్నకేశవస్వామి గుడి, రాతి పలకలు. మా తరంలో బడికి వెళ్ళిన తెలుగు పిల్లవాడు మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దకుండా వుండటం అరుదు. ఇంకా పడమరకు పోతే కంభం చెరువు. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్ట వేసి, విజయనగర రాజుల కాలంలో నిలిపిన ఆ జలరాశిని చూస్తే, నీటి కోసం యీ సీమవారు ఎంతగా తపించారో తెలుస్తుంది.

అయితే యీ వ్యాసం గుడి గురించీ కాదు, చెరువు గురించీ కాదు. యీ సీమకు మరొక పంట వుంది. అది సిపాయి పంట. వాన నమ్మకం లేని చోట ఇంటికొక కుర్రవాడు రిక్రూట్‌మెంట్ వరసలో నిలబడటం ఇక్కడ కొత్త కాదు. పల్లెల్లో ‘మిలిటరీ ఆయన ఇల్లు’ అని అడిగితే, ‘ఏ మిలిటరీ ఆయన?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. అటువంటి మిలిటరీ ఆయనల్లో మా మేనమామ ఒకరు. కొనకనమిట్ల మండలంలోనే ఒక చిన్న పల్లె ఆయనది. 1969లో సైన్యంలో చేరి, 1971 యుద్ధ కాలంలో రాజస్థాన్ ఇసుకలో గడిపి, 24 ఏళ్ళ నౌకరీ తరువాత 1993లో హవల్దారుగా ఇంటికి వచ్చారు. నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్ల రంగుతో రాసిన నెంబరు ఇప్పటికీ పడమటింట్లో వున్నాయి. ఆ పెట్టెలోనే ఆయన మందులు వుంటాయి.

మందులంటే ఒకటీ రెండూ కాదు. రక్తపోటుకు ఒకటి, చక్కెర వ్యాధికి ఒకటి, కొలెస్టరాల్‌కు ఒకటి. గుండె రక్తనాళంలో స్టెంటు వేసిన తరువాత, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ అనే మాత్ర ఒకటి. కడపటిది డాక్టరు చెప్పకుండా ఒక్క పూట మానినా ప్రమాదమే.

ఆయన పింఛను పుచ్చుకుని వచ్చిన కొత్తలో మాజీ సైనికుడి వైద్యానికి దిక్కు మిలిటరీ ఆసుపత్రే. కొనకనమిట్ల వాడికి సికిందరాబాదు ఆసుపత్రి వున్నా ఒకటే, లేకున్నా ఒకటే. రైలు ఖర్చులతో ఇక్కడే మందు కొనుక్కోవచ్చు. ఆ ఇబ్బంది తీర్చటానికి కేంద్ర ప్రభుత్వం 2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల ఆరోగ్య పథకం మొదలుపెట్టింది. మనవాళ్ళంతా పొడి అక్షరాలలో ‘ఈసీహెచ్‌ఎస్’ అంటారు. పట్నాలలో పాలీక్లినిక్కులు వెలిశాయి. కార్డు చూపితే డాక్టరు చూస్తారు, చీటీ రాస్తారు, కిటికీలో మందులిస్తారు. స్టాకులో లేని మందుకు ‘ఎన్.ఏ.’ అని గుర్తు వేస్తారు. అప్పుడు పథకం వారు ఏర్పాటు చేసిన దుకాణంలో తీసుకోవచ్చు, లేదా బయట కొని బిల్లు పెట్టుకోవచ్చు. పెద్ద జబ్బయితే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికి పంపుతారు. మామ స్టెంటు వేయించుకున్నది అలాగే.

నెలకొకసారి తెల్లవారుజాము బస్సుకు గుడ్డసంచీ చంకన పెట్టుకుని బయలుదేరటం మామకొక విధి. కిటికీ దగ్గర ఆలస్యమైనా ఆయన చికాకు పడరు. పక్కన కూర్చున్న ముసలి సిపాయిలతో పాత యూనిట్ల కబుర్లు చెప్పుకుంటారు. ‘అది ఆసుపత్రి కాదు అల్లుడూ, మా మెస్సు!’ అంటారు నాతో. అలా అన్నీ సాఫీగా జరిగిపోతున్న సమయంలో అమెరికా పిలిచింది.

మామకు ఒక్కతే కూతురు. డల్లాసు దగ్గర వుంటుంది. ‘నాన్నా, ఆరు నెలలు వుండి వెళ్ళండి’ అని పోరు పెట్టింది. సందర్శకులుగా వెళ్ళినవారిని అమెరికావారు మామూలుగా ఆరు నెలల దాకా వుండనిస్తారు. కాని స్వంత వాడకానికి వెంట తీసుకుపోయే మందులు మూడు నెలలకు మించకుండా వుండాలని అక్కడి మందుల శాఖవారి సూచన. చూశారా చిక్కు! మనిషికి ఆరు నెలలు, మందుకు మూడు నెలలు. ఆ తరువాతి మూడు నెలలకు ఇక్కడి నుంచి పోస్టులో పంపుదామంటే, విదేశీ మందుల పొట్లాలకు అక్కడ నియమాలు గట్టివి. పొట్లం కస్టమ్సులో ఆగితే అడిగేదెవరు? మన డాక్టరు చీటీ అక్కడి మందుల షాపులో చెల్లదు. అక్కడ లైసెన్సు వున్న డాక్టరే రాయాలి. పోనీ, ప్రయాణ బీమా చేయిద్దామంటే, సామాన్యంగా ముందే వున్న జబ్బులను అవి పక్కన పెడతాయి. ఇక ఈసీహెచ్‌ఎస్ కార్డు పట్టుకుని డల్లాసులో మందుల షాపుకు వెళితే, వాళ్ళు దాన్ని ఫోటో బాగుందని మెచ్చుకోవలసిందే గాని, మాత్ర చేతికి రాదు.

మామ సిపాయి గనుక యుద్ధానికి పోయేవాడి లాగానే సిద్ధమయ్యారు. పాసుపోర్టు, వీసా, టిక్కెట్టు చూపి ముందుగా అడిగితే, విదేశం వెళ్ళేవారికి మామూలుకంటే ఎక్కువ కాలానికి మందులిచ్చే పద్ధతి పథకంలో వుంది. నెల రోజుల ముందే కాగితాలు పెట్టుకున్నారు. మూడు నెలల మందులు చేతికొచ్చాయి. అత్తయ్య మాత్రలన్నీ రేకుల నుంచి వూడదీసి, ఆవకాయ సీసాల లాంటి సీసాలలో పోసి, మూతకు గుడ్డ కట్టబోయింది. మామ వద్దన్నారు. ‘కంపెనీ అట్టపెట్టె వుండాలి, చీటీ వుండాలి. సీసాలో పోస్తే అవి మందులో, మిఠాయి బిళ్ళలో ఎవడికి తెలుసు?’ అన్నారు. అది చాలా సరైన మాట. మందు ఎప్పుడూ దాని పెట్టెలోనే, డాక్టరు చీటీతో, చేతిసంచీలోనే వుండాలి. విమానం కింద వేసే పెట్టెలో పెడితే, పెట్టె దారి తప్పినప్పుడు మందూ దారి తప్పుతుంది.

2020 జనవరిలో వెళ్ళారు. ఏప్రిల్‌లోనే తిరిగి రావాలని టిక్కెట్టు. మనమంతా మరిచిపోలేని ఆ మార్చి నెల వచ్చింది. కరోనా మూలంగా నెలాఖరుకల్లా మన దేశానికి విమానాలు ఆగిపోయాయి. ఇక్కడ పల్లెలకు బస్సులు లేవు, అక్కడ విమానాలు లేవు. ఇక్కడి మాజీ సైనికులకు, ఆ కాలంలో బయట మందులు కొని డబ్బు తిరిగి పొందే వెసులుబాటు ఇచ్చారు. సముద్రం అవతల వున్న మామకు ఆ వెసులుబాటు ఏం చేస్తుంది? ఏప్రిల్ రెండో వారంలో ఫోన్ చేసి, ‘అల్లుడూ, క్లోపిడోగ్రెల్ ఇంకా తొమ్మిది వున్నాయి’ అన్నారు. అంతకుముందు పలకరింపు లేదు, తరువాత మాట లేదు. ఎడారిలో నీళ్ళు లెక్కపెట్టుకున్న మనిషి గొంతు అది. అత్తయ్య పక్కనుంచి, ‘రోజు విడిచి రోజు వేసుకుంటానంటున్నారు, నువ్వన్నా చెప్పు నాయనా’ అంది.

రోజు విడిచి రోజు వేసుకోవటమన్నది మన ముసలివాళ్ళందరికీ తెలిసిన విద్య. రక్షణ సగమవుతుంది గాని జబ్బు సగం కాదు. ఆయనకు చీటీ రాసే ఇక్కడి డాక్టరుగారిని ఫోనులో పట్టుకున్నాను. ఆయన రెండు మాటలు చెప్పారు: ‘ఒక్క రోజు కూడా మానవద్దు. కంపెనీ పేర్లు కాదు, అసలు మందుల పేర్లు కాగితం మీద రాయించి అక్కడి డాక్టరుకు చూపించండి.’

అసలు కీలకం అక్కడే వుంది. మనం మందును కంపెనీ పెట్టిన ముద్దుపేరుతో పిలుస్తాం. ఆ ముద్దుపేరు వూరు దాటితే పలకదు. రసాయన నామమైతే చాలావరకు లోకమంతా ఒకటే. చాలావరకు అని ఎందుకంటున్నానంటే, ఇందులోనూ పర్యాయపదాలున్నాయి. మన పారాసిటమాల్ అమెరికాలో ఎసిటమినోఫెన్. ఉబ్బసానికి పీల్చే సాల్బ్యుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్. చక్కెర మాత్ర గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్. అమరకోశం చదివిన నాకు యిది బాగానే వుంది గాని, జ్వరంతో వున్నవాడికి బాగుండదు.

మా మరదలు ఆ పేర్ల కాగితం తీసుకుని ఫోను మీద చూసే డాక్టరును కుదిర్చింది. ఆయన పాత చీటీలు చూసి, నాలుగు ప్రశ్నలడిగి, అక్కడి చీటీ రాశారు. చక్కెరకు మామ వాడే జంట మాత్ర అదే కలయికలో అక్కడ దొరకలేదు. రెండు మందులూ విడివిడిగా ఇచ్చారు. కంపెనీ పేరులేని సాదా మాత్రలు గనుక ఖరీదు మేము భయపడినంత కాలేదు. డాక్టరు రుసుమే ఎక్కువయింది. తొమ్మిదింటిలో ఇంకా మూడు మిగిలి వుండగా కొత్త సీసా ఇంటికి వచ్చింది. మే నెలలో మన ప్రభుత్వం ‘వందే భారత్’ విమానాలు మొదలుపెట్టింది. జులైలో మామకు చోటు దొరికింది.

ఇటువంటి చిక్కు మన సిపాయికి మాత్రమే కాదు. మన సైన్యంలో పనిచేసే గూర్ఖాలలో చాలామంది పింఛను తరువాత నేపాల్‌లోని తమ కొండలకు వెళ్ళిపోతారు. వారికి స్వదేశమే పథకానికి విదేశం. వారి కోసం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్కులు కాఠ్మాండూ, పోఖరా, ధరాన్‌లలో పెట్టారు. అమెరికా మాజీ సైనికులు పరదేశంలో కాపురముంటే, సైన్యపు నౌకరీ వల్ల వచ్చిన జబ్బులకు మాత్రమే అక్కడి ప్రభుత్వం వైద్య ఖర్చు భరిస్తుంది. వారికి ఫిలిప్పీన్సులోని మనీలాలో ఒక క్లినిక్కు కూడా వుంది. అంటే, మనిషి వున్నచోటికి మందు పోవాలన్న ఆలోచన అసాధ్యమేమీ కాదన్నమాట. మన పల్లెల సిపాయిల పిల్లలు నేడు డల్లాసులో, మెల్‌బోర్నులో, దుబాయిలో వున్నారు. తల్లిదండ్రులు ఏడాదిలో సగం అక్కడ, సగం ఇక్కడ. ఈ పథకం రచించినప్పుడు యింతమంది హవల్దార్లు విమానం ఎక్కుతారని ఎవరు అనుకున్నారు?

దుబాయి మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. కోడీన్ కలిసిన దగ్గు మందులు, ట్రామడాల్ వంటి నొప్పి మాత్రలు అక్కడ గట్టి అదుపులో వున్న మందులు. ముందుగా అనుమతి లేకుండా సంచీలో వేసుకుపోతే చిక్కుల్లో పడతారు. మనకు మందు అయినది అక్కడ నేరం కావచ్చు.

ఇప్పుడు మామ ఇంటి వసారాలో ఒక మార్కాపురం పలక వేలాడుతోంది. మనవడి కోసం కొన్నది గాని, వాడు తెర మీద తప్ప పలక మీద రాయడు. దాని మీద మామ వంకర లేని మిలిటరీ అక్షరాలతో ఆరు వరుసలు రాసి పెట్టారు: మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, ఎన్ని మిగిలాయి. కడపటి అంకె రోజూ చెరిపి మళ్ళీ రాస్తారు. విదేశానికి పోయే చుట్టుపక్కల వూళ్ళ పింఛనుదారులు ఆయన దగ్గరికి వచ్చి, పలక చూసి, తమ మందుల పేర్లు రాయించుకుపోతున్నారు. మొన్న ఒకాయన, ‘మా అబ్బాయి ఆస్ట్రేలియా రమ్మంటున్నాడు, ముందు ఏం చెయ్యమంటావు?’ అని అడిగాడు.

మామ సుద్దముక్క అందించి, ‘ముందు ఎన్ని వున్నాయో లెక్కపెట్టుకో. టిక్కెట్టు సంగతి తరువాత’ అన్నారు.