పురిలో పోసిన జీతం

ఫిబ్రవరి వచ్చిందంటే నా చొక్కాలకు ఇంట్లోకి ప్రవేశం ఉండదు. గుంటూరు మిర్చి యార్డు నుంచి సాయంత్రం తెనాలి చేరేసరికి ఒంటి నిండా ఘాటే. పెరట్లో పంపు దగ్గర బట్టలు విప్పి బకెట్లో పడేసి, స్నానం చేసి అప్పుడు గడప దాటాలి. మా ఆవిడ పెట్టిన షరతు అది. మొదటి ఏడాది చూసుకోకుండా లోపలికొస్తే ఇల్లంతా తుమ్ములు.

హైదరాబాదులో ఇరవై రెండేళ్ళు ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాశాను. 2021 మార్చిలో, నలభై ఎనిమిదో ఏట, మానేశాను. మానేసి ఖాళీగా కూర్చోలేదు, అలాగని మరో ఉద్యోగమూ వెతుక్కోలేదు. ఏడాదిలో అయిదు నెలలు పని చేస్తాను. ఫిబ్రవరి నుంచి మే సగం దాకా యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగిరీ. ఎండలకు యార్డుకు సెలవులిచ్చాక కాస్త ఊపిరి పీల్చుకుని, జూన్ సగం నుంచి జులై 31 దాకా ఒక ఆడిటరుగారి ఆఫీసులో ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తాను. మిగతా ఏడు నెలలూ నావే.

ఆ ఏడు నెలల మీద ఊళ్ళో చాలామందికి అనుమానం. "ఉద్యోగం పోయిందటగా?" అని జాలిగా అడిగినవాళ్ళున్నారు. "గట్టిగానే వెనకేసి ఉంటావులే" అని అప్పుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ చెప్పలేని లెక్క ఇక్కడ చెప్తాను.

మానేసేనాటికి పీఎఫ్‌లో 21 లక్షలు, పీపీఎఫ్‌లో 9, బ్యాంకు డిపాజిట్లలో 14. మూలవేతనం 30 వేలు కాబట్టి, ఏడాదికి పదిహేను రోజుల లెక్కన గ్రాట్యుటీ 3 లక్షల 80 వేలు వచ్చింది. మొత్తం 48 లక్షలకు కాస్త తక్కువ. అమ్మాయి పెళ్ళికని విడిగా ఉంచింది ఇందులో కలపలేదు. నాన్నగారు కట్టిన పెంకుటిల్లు ఉంది కాబట్టి తెనాలిలో అద్దె లేదు. హైదరాబాదులో నెలకు 52 వేలు అయ్యే సంసారం, అందులో 16 వేలు అద్దే, ఇక్కడ 24 వేలకు దిగింది. ఆరోగ్య బీమా, పన్నులు, పెళ్ళిళ్ళ చదివింపులు, ఇంటి మరమ్మతులు లాంటివాటికి ఏడాదికి మరో 72 వేలు. వెరసి 3 లక్షల 60 వేలు.

48 లక్షల్లోంచి 3.6 లక్షలు తీయడమంటే ఏటా ఏడున్నర శాతం. 1994లో అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అక్కడి షేర్లు, బాండ్ల చరిత్రంతా తిరగేసి, మొదటి ఏడాది నాలుగు శాతం తీసుకుని ఆపైన ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే ముప్ఫై ఏళ్ళు డబ్బు అయిపోదని తేల్చాడు. అది ఆ దేశపు లెక్క. మన ధరలకు, మన వడ్డీలకు అలాగే అతకదు. పైగా నాకు కావలసింది ముప్ఫై ఏళ్ళు కాదు, ఆయుష్షుంటే నలభై. అయినా ఏడున్నర ఎక్కువని తెలియడానికి బెంగెన్ అక్కర్లేదు. బ్యాంకు ఇచ్చే వడ్డీ అంతకంటే తక్కువ.

అందుకే ఈ సీజను పని. యార్డులో మూడున్నర నెలలకు నెలకు 20 వేల చొప్పున 70 వేలు. రిటర్నులకు ఒక్కోదానికి నా వాటా 250, మూడు వందల రిటర్నులకు 75 వేలు. కలిపితే 1 లక్షా 45 వేలు. మా ఆవిడ జాకెట్లు కుట్టి నెలకు 4 వేలు తెస్తుంది, ఏడాదికి 48 వేలు. ఇక దాచిందాంట్లోంచి తీయాల్సింది 1 లక్షా 67 వేలే. మూడున్నర శాతం.

ఒకరోజు కాగితం మీద తిరగేసి చూశాను. ఏడు శాతం వడ్డీకి లక్షా 45 వేలు రావాలంటే సుమారు 21 లక్షల డిపాజిట్టు కావాలి. అంత డబ్బు కూడబెట్టడానికి నేను హైదరాబాదులో ఇంకో ఎనిమిదేళ్ళు ఉండాల్సొచ్చేది. అయిదు నెలల పనితో ఆ ఎనిమిదేళ్ళు కొనుక్కున్నానని సంబరపడ్డాను. ఈ డిపాజిట్టుకు కాలపరిమితి నా కళ్ళూ మోకాళ్ళూ ఉన్నంతవరకేనన్న సంగతి అప్పుడు తోచలేదు.

ఇంతవరకూ కాగితం మీద లెక్క. దెబ్బ తగిలింది ఖాళీ నెలల్లో.

మొదటి ఏడాది నాకు ఖాళీ అంటే ఏమిటో తెలియలేదు. 2021లో కొత్త ఆదాయపు పన్ను పోర్టల్ మొరాయించి రిటర్నుల గడువు డిసెంబరు 31 దాకా సాగింది, దాంతోపాటు నా పనీ సాగింది. 2022లో గడువు జులై 31తోనే ఆగింది. ఆగస్టు నుంచి జనవరి దాకా ఆరు నెలలు, తిని తిరగడమే. తిరిగాం కూడా. కార్తీక మాసంలో ఒక ఆదివారం అమరావతి, ఇంకో ఆదివారం కోటప్పకొండ, మధ్యలో వనభోజనాలు. ఇంట్లో ఉన్నాను కదాని నలుగురూ వస్తే బయటినుంచి బిర్యానీ. తోచక ఒక సెకండ్‌హ్యాండ్ స్కూటరు కొని దాని రిపేర్లతో కాలక్షేపం. నవంబరు ఆఖరున మా ఆవిడ ఖర్చుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఆ నెల ఖర్చు 38 వేలు, స్కూటరు కాకుండా.

"ఆఫీసుకెళ్ళే రోజుల్లో మీకు ఖర్చు పెట్టే తీరికుండేది కాదండీ" అంది. దెప్పిపొడుపు కాదు, ఉన్నమాటే. పని మానేస్తే ఖర్చులు తగ్గుతాయని అందరూ అంటారు. బస్సు చార్జీలూ ఇస్త్రీ బట్టలూ తగ్గుతాయి, నిజమే. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా ఎదురుగా పరుచుకున్న రోజును నింపడానికయ్యే ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు.

అప్పుడు గుర్తొచ్చింది తాతయ్య ఇంటి వాకిట్లోని వడ్ల పురి. వరిగడ్డితో పేనిన తాడును చుట్టలు చుట్టలుగా పేర్చి, మధ్యలో వడ్లు పోసి, పైన గడ్డి కప్పేవాళ్ళు. పంట ఏడాదికి ఒకసారే, ఆకలి మాత్రం రోజూ. పురి ఎప్పుడు విప్పాలో, ఎన్ని బస్తాలు తీయాలో నిర్ణయించేది నాయనమ్మ. ఇంటికి చుట్టాలొచ్చినా, తాతయ్య అడిగినా సరే, ఆ నెలకు తీసింది తీసిందే. సీజను పని చేసేవాడి డబ్బు కూడా వడ్లలాంటిదేనని నాకు యాభైకి దగ్గరపడ్డాక గాని తట్టలేదు. నేను మే నెలలో చేతికొచ్చిన డబ్బును మే నెల ఆదాయం అనుకున్నాను.

2023 నుంచి పద్ధతి మార్చాం. యార్డు డబ్బు, రిటర్నుల డబ్బు, పోస్టాఫీసు వడ్డీ అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోలేదు. అక్కడినుంచి ఒకటో తారీఖున మా ఆవిడ ఖాతాకు నెలకింత అని దానంతటదే వెళ్ళిపోతుంది. "జీతం పడిందండీ" అంటుంది ఫోను చూసుకుని. సీజన్లో అయినా ఖాళీలో అయినా అదే జీతం. స్కూటరు అమ్మేశాను, మూడు వేలు నష్టానికి.

పొదుపు అంటే నోరు కట్టేసుకోవడం అనుకునేవాణ్ణి. మాకు కలిసొచ్చింది వేరే. ఏది ఎప్పుడు పండితే అప్పుడు ఏడాదికి సరిపడా కొనడం. మిరపకాయలు నా కళ్ళముందే కాటా అవుతాయి కాబట్టి అవి యార్డులోనే, ఘాటుకు తేజ, రంగుకు బాడిగ కలిపి, తొడిమలు తీసి మిల్లులో కారం ఆడిస్తాం. కందిపప్పు, చింతపండు, పాత బియ్యం కూడా అంతే. ఆవకాయ ఎలాగూ ఎండాకాలపు పనే. కూరలు రైతుబజారులో. నాకు రైలు సీజను టికెట్టు నెలకు మూడొందల లోపే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి లైనింగు బట్ట కోసం మా ఆవిడ గుంటూరు వెళ్ళొచ్చినా పైసా ఖర్చు లేదు. ఈమధ్య చాలా తరచుగా లైనింగు బట్ట అవసరమవుతోంది.

డబ్బు ఎక్కడ పెట్టానన్నది ఎక్కువమంది అడిగేది, తక్కువ చెప్పుకోవాల్సింది. పీఎఫ్ తీయలేదు. ఉద్యోగం మానేసినా యాభై ఎనిమిదేళ్ళు నిండేదాకా వడ్డీ జమవుతూనే ఉంటుంది, కాకపోతే మానేశాక వచ్చే వడ్డీకి పన్ను లెక్క చూపాలి. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో ఇద్దరి పేరనా 2021లో 6.6 శాతానికి 9 లక్షలు వేశాం. 2023 ఏప్రిల్లో ఉమ్మడి ఖాతాల పరిమితి 15 లక్షలకు పెంచగానే మరో 6 లక్షలు 7.4 శాతానికి. నెలకు 4,950, 3,700, కలిపి 8,650. పెద్దల పొదుపు పథకంలో 8.2 ఇస్తున్నా నాబోటివాళ్ళకు అరవై నిండాలి. పీఎఫ్‌తోపాటు వచ్చే పింఛను యాభైకే తీసుకోవచ్చన్నారు. ముందుగా తీసుకునే ప్రతి ఏడాదికీ నాలుగు శాతం చొప్పున ఎనిమిదేళ్ళకు 32 శాతం కోత. అసలే మూడువేల చిల్లర, అందులో మూడో వంతు పోగొట్టుకోవడమెందుకని ఆగాను.

పెద్ద తప్పు బీమాలో చేశాను. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా రాజీనామాతోనే పోతుందని తెలుసు. మానేయకముందే అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారితే పాత కాలం కలిసొస్తుందని మాత్రం తెలియదు. తెలిసి ఉండాల్సింది, లెక్కల మనిషిని. బయటికొచ్చి రెండు నెలల తర్వాత కొత్త పాలసీ తీసుకున్నాను. 2023 జనవరిలో మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్ళు. ఆ జబ్బుకు రెండేళ్ళు ఆగాలని పాలసీలోనే రాసి ఉంది, ఇంకా నాలుగైదు నెలలు మిగిలాయి. నొప్పి ఆగుతుందా? 85 వేలు చేతినుంచి కట్టాం. ఒక యార్డు సీజను మొత్తం పోయి ఇంకా 15 వేలు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని, మళ్ళీ హైదరాబాదు పోదామా అని మొదటిసారి అనుకున్నాను. మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఇక 2025. మిర్చి ధర కూలిపోయింది. రెండేళ్ళ కిందట క్వింటా ఇరవై వేలు దాటి అమ్మిన రైతులు మిర్చి టిక్కీల పక్కన తలపట్టుకు కూర్చున్నారు. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించింది. కొట్టుకు కమీషన్ వచ్చేది అమ్మకం విలువ మీద. ధర సగమైతే కమీషనూ సగమే. రైతులు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలకు తోలుకుంటే ఆ సగమూ లేదు. ఏప్రిల్ నెల పూర్తికాకుండానే మా షావుకారు మొహమాటపడుతూ, "ఇక చాల్లెండి మాస్టారూ, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. 55 వేలతో ఇంటికొచ్చాను. రైతులకు అమ్మకం పట్టీలు రాసే నాకు పదిహేను వేలు తగ్గితేనే దిగులైంది. ఆ పట్టీ అందుకుని సంచిలో పెట్టుకుని వెళ్ళిన రైతుల ముందు నా దిగులు ఎంతనీ.

అదే ఏడు రిటర్నుల గడువు సెప్టెంబరుకు పెరిగింది. మొదట 15, ఆఖర్లో ఇంకో రోజు. జులైతో అయిపోవాల్సిన పని ఇంకో నెలన్నర నడిచి లక్షా 5 వేలు వచ్చింది. తెలివితో ఎంచుకోలేదు గాని, నా రెండు పనులూ వేరువేరు కారణాలకు దెబ్బతింటాయి. ఒకటి వానకూ ఎగుమతులకూ, ఒకటి ఢిల్లీ నోటిఫికేషనుకూ. రెండూ ఒక్క ఏడే మునిగే ప్రమాదం తక్కువ. యార్డు పనికి తోడు కోల్డ్ స్టోరేజీలో మరో పని పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో. 12 లక్షల దాకా పన్ను లేదన్నాక జీతగాళ్ళు రిటర్నులే మానేస్తారేమోనని ఇప్పుడో కొత్త భయం. పన్ను లేకపోయినా ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలని కనిపించినవాళ్ళకల్లా చెప్తున్నాను. ధర్మం కొంత, స్వార్థం కొంత.

ఇప్పుడు నెలఖర్చు 29 వేలకు చేరింది. విడి ఖర్చులు 92 వేలు, అందులో బీమా వాటా ఏటా లావవుతోంది. మొత్తం 4 లక్షల 40 వేలు. మా ఇద్దరి సంపాదన, తన కుట్టుపని ఏడాదికి 60 వేలైంది కాబట్టి, 2 లక్షల 20 వేలు. మిగతా సగం పురిలోంచి. తీసిందానికంటే పడిన వడ్డీ ఎక్కువ కాబట్టి అసలు 54 లక్షల దాకా పెరిగింది. అయినా మూడున్నర శాతం నాలుగు దాటింది. పంట పెరిగింది, తినేదీ పెరిగింది. షేర్ల ఫండులో నెలకు మూడు వేలే వేస్తున్నాను, అది చాలదని తెలుసు. మిర్చి ధరలు చూసే మనిషికి ఇంకో ధరల పట్టిక చూసే ధైర్యం రాదు.

మొన్న సంక్రాంతి వెళ్ళాక షావుకారు ఫోను చేశాడు. ఈసారి బయట కాటాల దగ్గర కుర్రాణ్ణి పెట్టుకున్నాడట. నన్ను లోపల టేబుల్ దగ్గర కూర్చుని పట్టీలు మాత్రమే చూసుకోమన్నాడు. 20 కాదు, 18 వేలు. మోకాళ్ళ సంగతి కిందటేడే కనిపెట్టినట్టున్నాడు. ఆలోచించి చెప్తానన్నాను. ఫోను పెట్టేసరికి మా ఆవిడ పుస్తకం తెరిచి, యార్డు అని రాసిన గడిలో 18 వేసి, పక్కన పెన్సిలుతో చిన్న సున్నా చుట్టింది.

"చొక్కాలు మాత్రం పెరట్లోనే" అంది.